అక్కకొక చట్టం, నాయకుడికొక చట్టం

మేం కథోలిక శ్రీసభకు చెందిన క్రైస్తవులం. మా అక్క బండారులంకలో మగ్గం నేసే హిందూ అబ్బాయిని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుంది. తరవాతి ఆదివారం పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, సత్ప్రసాదం కోసం వరసలో నిలబడితే, మా విచారణ గురువు, అంటే మా చర్చి ఫాదర్ గారు, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"గుడిలో జరగని పెళ్ళికి శ్రీసభ చట్టం ఒప్పుకోదమ్మా."

గుడంతా విన్నది. ఆ తరవాత తొమ్మిదేళ్ళూ అక్క ప్రతి ఆదివారం వచ్చి చివరి బెంచీలో కూర్చునేది. సత్ప్రసాదం వేళ ఒక్కసారీ లేవలేదు. అదే గుడిలో పిల్లలకు సత్యోపదేశం, అంటే మత పాఠాలు, చెప్పే నేను, చట్టం కదా అని ఊరుకున్నాను.

నిరుడు గుడి పండగకు ఒక నాయకుడు వచ్చాడు. మా విచారణవాడే, మా గుడికి చెందినవాడే. కోర్టులో విడాకులు తీసుకుని, రిజిస్ట్రారు ఆఫీసులోనే ఇంకొకామెను చేసుకున్నాడు. గుడిలో జరిగిన మొదటి పెళ్ళి చెల్లదని శ్రీసభ ఎన్నడూ తేల్చలేదు. ఊరందరికీ తెలుసు. ఆయనకు శాలువా కప్పి, అందరికన్నా ముందు సత్ప్రసాదం ఇచ్చారు. ఇచ్చింది ఆ గురువే.

నాకు ఒళ్ళు మండింది. పూజ అయ్యాక పీఠం వెనక గదిలోకి వెళ్ళాను.

"ఫాదర్ గారండీ, ఆయన ఇప్పటి పెళ్ళి గుడిలో జరిగిందాండి?"

ఆయన పూజవస్త్రం మడతపెడుతూ, "అంత పెద్దమనిషి వచ్చి నిలబడితే అందరి ముందూ కాదని ఎలా అంటానమ్మా?" అన్నారు.

"మా అక్కను కాదన్నదీ అందరి ముందేనండి."

"ఆయన పరిస్థితి వేరు."

"చట్టంలో అలా రాసుందాండి? పిల్లలకి ఏది చెప్పమంటారు?"

"పుస్తకంలో ఉన్నది చెప్పు, చాలు."

బిషప్ గారికి ఉత్తరం రాశాను. జవాబు లేదు. చివరికి ఆ చట్టం పుస్తకమే తెప్పించి చదివాను. అక్కలాంటి వాళ్ళ పెళ్ళిని బిషప్ అనుమతితో సరిచేయవచ్చట. భర్త మతం మారనక్కర్లేదు. తొమ్మిదేళ్ళలో ఆ మాట అక్కకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఎందుకంటే నేనూ చదవలేదు.

పక్క విచారణ గురువు దగ్గర దరఖాస్తు తీసుకుని బావగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మగ్గం ఆపి చూశారు.

"ఇన్నాళ్ళూ ఈ కాగితం ఎక్కడుందండి మరదలు గారూ? ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను సంతకం."

అనుమతి వచ్చాక ఒక గురువారం పొద్దున్న, ఇద్దరు సాక్షులతో వాళ్ళ పెళ్ళి ఆ పక్క విచారణ గుడిలో జరిగింది. సత్ప్రసాదం అందుకున్న అక్క చాలాసేపు మోకాళ్ళ మీదే ఉండిపోయింది. ఆమె సంతోషం చూస్తున్నా నా కోపం తగ్గలేదు.

మా గుడిలో ఆ నాయకుడు ఇప్పటికీ ముందే అందుకుంటున్నాడు. నేను సత్యోపదేశం మానేశాను. పిల్లలెవరైనా ఆయన సంగతి అడిగితే, 'ఆయన పరిస్థితి వేరు' అని నా నోటితో చెప్పలేను.