మల్లమ్మ ముందు పెట్టిన మైకు

ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లో ఆడమనిషికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మొయినాబాద్‌లో నాకు మైక్‌సెట్ల దుకాణం ఉంది. పెళ్లయినా, మీటింగైనా, చావైనా నేనే వెళ్తాను. మాకు దగ్గర్లోనే హిమాయత్‌నగర్ దారిలో ఒక ఊరు, ఏదో కంపెనీ కింద భూములు పోతాయని బెంగపడుతున్న రోజులవి. ఆ బెంగతోనే ఆ ఊరి మల్లమ్మ కొడుకు శ్రీను గుండె ఆగి పోయాడు. దినాల నాడే సంతాప సభ పెట్టారు. రైతుల తరఫున కొట్లాడతానన్న నాయకుడు రావాలి. ఎంతకీ రాలేదు. ఎండకు తాళలేక జనం ఒక్కొక్కరే లేచి ఆటోల వైపు నడుస్తున్నారు.

స్టేజీ పక్కన మల్లమ్మ సన్నగా శోకం తీస్తోంది. నేను ఒక మైకు తీసుకెళ్లి, వైరు సరిచేస్తున్నట్టు నటించి, ఆమె ముందు పెట్టి ఆన్ చేశాను. కాస్త ఎకో కూడా పెంచాను. ఎవరూ చెప్పలేదు. నేనే.

వెళ్లేవాళ్లు ఆగిపోయారు. వెనక్కి వచ్చి కూలబడి ఏడ్చారు. అప్పుడొచ్చాడు నాయకుడు. దేవుడిలా కనిపించాడు. అబద్ధమెందుకు, నేనూ ఏడుస్తూనే ఉన్నాను. కంపెనీతో నేను మాట్లాడతాను, నన్ను నమ్మండి అన్నాడు. కాగితాల మీద ఆయన చూపించిన చోటల్లా ఊరు వేలిముద్ర వేసింది. అందరికంటే ముందు మల్లమ్మ వేసింది. ఇప్పుడు ఆ భూమి చుట్టూ కంపెనీ ప్రహరీగోడ ఉంది. లోపల ఆమె కూలికి గడ్డి పీకుతోంది.

ఈమధ్య ఆనాటి వీడియో ఒకటి ఫోన్‌లో చూశాను. నాయకుడు తడబడుతూ ఏదో మాట్లాడాడు, అంతే. శ్రీనును రెండుసార్లు శేఖర్ అన్నాడు. అంతమందిలో ఒక్కరికీ వినబడలేదా? గొంతులు సరిచూడటమే పనిగా బతికే నాకెందుకు వినబడలేదు? అంత ఏడుపులో ఎవడొచ్చి నిలబడ్డా మాకు ఆదుకునేవాడిలాగే కనిపించేవాడేమో. ఆ ఏడుపును ఊరంతటికీ పంచింది నేను. సభ చెదిరితే నా పేరు పోతుందనా? ఆయన మీద నాకున్న పిచ్చా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు.

పోయిన నెల చేవెళ్ల బస్టాండులో మల్లమ్మ కనిపించింది.

"బిడ్డా, ఆ దినం నేను మెల్లగనే ఏడ్సిన గద. గంత దూరం ఎట్ల ఇనబడ్డది?"

"నీ దుఃఖం అసుంటిది అవ్వా."

"నేను ఏడ్వబట్టే అందరు ఆ సారును నమ్మిర్రంట. భూములు నా వల్లనే పోయినయని అంటున్నరు. నిజమేనా బిడ్డా?"

"బస్సొచ్చింది, ఎక్కు అవ్వా" అన్నాను.

ఆమె వల్ల కాదు. మైకు పెట్టింది నేను. ఇది రాశాక గుండె కొంచెం తేలికైంది. ఆమెకు మాత్రం ఇంకా చెప్పలేదు.