రొయ్యపిల్ల జీపుకి ఎంత ఎత్తు

సింహాద్రి చెమటోడ్చి సాధించిన మొదటి గెలుపు, జీపుని ఏరు దాటించడం. అది పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది. నరసాపురంలో పాత డీజిలు జీపు కొన్నాడు. ఆ వారం బండ్లని ఏరు దాటించే పంటు నడవడం లేదు. చుట్టుదారిన రావడానికి బండికి ఓపిక లేదు. రెండు నావల్ని పక్కపక్కన బిగించి, పైన తాటిదూలాలు పరిచి, జీపుని వాటి మీదికి ఎక్కించాడు. మూడు రోజులు గాలి కదలనివ్వలేదు. నాలుగోనాడు పోటు మీద బయల్దేరి, పొద్దు నడినెత్తికి రాకముందే సఖినేటిపల్లి రేవులో దించాడు. సముద్రపుటంచున ఉన్న అతని ఊళ్ళోకి సొంత నాలుగు చక్రాల బండి రావడం అదే మొదలు.

అక్కణ్ణించి అతను సాధించినవి చెప్పాలంటే రెండు చేతుల వేళ్ళూ చాలవు. చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. ఇరవై ఏడేళ్ళుగా నడుపుతున్నది ఒక్కటే జీపు, ఇంజను మాత్రం రెండుసార్లు మార్చాడు. వరదలప్పుడు పదకొండుమంది నిండు చూలాళ్ళని రాజోలు ఆస్పత్రికి చేర్చాడు, ఒక్క కాన్పూ దారిలో కాలేదు. ఎనిమిదిమందికి డ్రైవింగు నేర్పితే వాళ్ళలో నలుగురు మస్కట్‌లో పెద్ద బండ్లు తోలుతున్నారు. పదిహేడేళ్ళుగా ఆ తీరపు చెరువులకి రొయ్యపిల్ల చేరేది అతని జీపు మీదే.

రొయ్యపిల్లని మోయడమంటే ధాన్యం బస్తాలు మోయడం కాదు. ప్లాస్టిక్ సంచిలో సగానికి తక్కువ నీళ్ళు పోసి, మిగతా చోటంతా ఆక్సిజను నింపి కడతారు. ఆ నీళ్ళలో కనురెప్ప వెంట్రుకంత పిల్లలు వేలకి వేలు ఉంటాయి. పిల్లని పుట్టించి అమ్మే హేచరీ లారీ సిమెంటు రోడ్డు చివర ఆగిపోతుంది. అక్కణ్ణించి చెరువుల దాకా రెండున్నర కిలోమీటర్లు పర్ర, అంటే ఉప్పుగడ్డి తప్ప ఏదీ మొలవని నేల. ఎండ ముదరకముందే ఆ దూరం దాటాలి. సంచిలో నీళ్ళు వేడెక్కాయంటే పిల్ల తెల్లబడి, చచ్చి అడుక్కి దిగిపోతుంది.

ఈ జనవరిలో జీపు ఆ దారిలో రెండుసార్లు చిక్కుకుంది. అబ్బులు అనే అతను ట్రాక్టరుతో చెరువులకి మేత తోలుతూ ఉంటే చక్రాల గాడి లోతు పడిపోయింది, రెండు గాడుల నడుమ మట్టి దిబ్బలా లేచింది. జీపు పొట్ట ఆ దిబ్బ మీద కూర్చుంటే నాలుగు చక్రాలూ గాల్లో తిరిగినట్టే. రెండోసారి నలభై సంచుల పిల్ల చచ్చిపోయింది. చెరువుల ఆసామి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు కేకలెయ్యలేదు. ఇంకొక్కసారి ఇలా జరిగితే అబ్బులు ట్రాక్టరు పెట్టుకుంటానని, భోజనానికి రమ్మన్నంత మెత్తగా చెప్పి వెళ్ళిపోయారు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి సింహాద్రి ఒక చోట కూర్చున్నది లేదు. అన్నం ముద్ద చేతిలో ఉండగానే లేచి వెళ్ళి, జీపు కిందికి దూరి పొట్ట ఎత్తు జానతో కొలిచేవాడు. పర్రలోకి నడిచి వెళ్ళి దిబ్బని కొలిచేవాడు. మళ్ళీ వచ్చి జీపుని కొలిచేవాడు. మధ్యలో జీపేమైనా పెరిగిందా అని భార్య వీరమ్మ అడిగితే మళ్ళీ పర్రలోకే నడిచాడు.

జీపుని ఎత్తు లేపే సామాను ఒకటుందని, లిఫ్ట్ కిట్ అంటారని అతనికి మస్కట్ శిష్యులు ఫోనులో చెప్పారు. అమలాపురంలో హరిబాబు ఆ పనే చేస్తాడు. పన్నెండేళ్ళు గల్ఫులో ఇసకలో తిరిగే బండ్లు బాగుచేసి వచ్చి షెడ్డు పెట్టుకున్న మనిషి. సింహాద్రి ఆ మర్నాడే జీపుని అక్కడికి తోలాడు.

దిబ్బ సంగతంతా విన్నా హరిబాబు మొదట ఎత్తు మాట ఎత్తలేదు. జీపు చుట్టూ తిరిగి, బండి బరువు మోసే వెనక కమాను పట్టీలని వేలితో తట్టి చూశాడు.

"బాబాయిగారూ, బండి మీద ఎంత బరువేస్తారండి?"

"మా జీపు మొయ్యని బరువేంటబ్బాయ్? తొంభై తొమ్మిదిలో దీన్ని నావల మీద..."

"అప్పుడు జీపుని నావలు మోసేయండి. ఇప్పుడు జీపు ఏం మోస్తుందో చెప్పండి."

షెడ్డులో ఇద్దరు నవ్వారు. సింహాద్రి చెవులు వేడెక్కాయి. అరటన్ను, అని మాత్రం చెప్పాడు. ఏం సరుకో అతను చెప్పలేదు, హరిబాబు అడగలేదు.

పట్టీల కింద ఇనపదిమ్మలు పెట్టి లేపడం ఒక దారని, అది చవకే గాని నిలవదని హరిబాబు చెప్పాడు. పట్టీలు, షాకబ్జర్లు అన్నీ మార్చే పూర్తి కిట్టు ఇంకో దారి, అందులో రెండంగుళాలదీ నాలుగంగుళాలదీ ఉన్నాయి. రెండు పెట్టి, టైర్లు ఒక సైజు పెద్దవి వేస్తే మీ దిబ్బకి చాలునన్నాడు. నాలుగు పెడితే చూపుకి బాగుంటుంది, గట్ల మీద మాత్రం తూలుతుందని హెచ్చరించాడు. సింహాద్రి బుర్రలో అబ్బులు ట్రాక్టరు చక్రాలు తిరుగుతున్నాయి. ఇరవై ఏడేళ్ళుగా గట్ల మీద నడిపినవాడికి తూలడం గురించి ఎవరు చెప్పాలి? నాలుగు, అన్నాడు.

నాలుగంగుళాల కిట్టు వేసుకుని ఊళ్ళోకి వస్తే జనం వీధుల్లోకి వచ్చి చూశారు. జీపు ఎక్కాలంటే ముక్కాలిపీట కావాలని వీరమ్మ గొణిగింది. అతను ఊరికే నమ్మే రకం కాదు, పరీక్ష పెట్టాడు. పది బస్తాల ఇసక, సరిగ్గా అరటన్ను, వెనక వేసి పర్రలో నాలుగుసార్లు తోలాడు. దిబ్బ మీద పొట్ట తగల్లేదు. చెరువుగట్టు మీద కూడా జీపు రాయిలా నిలబడింది. ఆ రాత్రి చాలా రోజుల తరవాత కడుపునిండా తిన్నాడు.

ఫిబ్రవరి ఏడో తారీకు శనివారం పొద్దున్నే లారీ వచ్చింది. వంద సంచులు, మూడు వరసలు ఎత్తుగా పేర్చారు. ఎప్పటిలాగే వీరమ్మ వెనక నిలబడి, సంచులు జారకుండా రెండు చేతులూ చాపి పట్టుకుంది. పర్ర దారిని జీపు ఎగిరి దాటినట్టు దాటింది. సింహాద్రికి ఈల వెయ్యాలనిపించింది.

చెరువుగట్టు ఎక్కాక తెలిసింది సంగతి. గట్టు ఒక పక్కకి వాలి ఉంటుంది. జీపు కాస్త వాలగానే వంద సంచుల్లో నీళ్ళూ ఒకేసారి ఆ వైపుకి పోయాయి. అతను స్టీరింగు తిప్పితే నీళ్ళు ఇటు వచ్చి గోడని గుద్దినట్టు గుద్దాయి. ఆ నీళ్ళు వెనక్కి తిరగగానే జీపు మళ్ళీ అటు ఒరిగింది. కుడివైపు చక్రాలు తేలికైపోవడం సీటు కింద అతనికి తెలిసింది. బ్రేకు తొక్కాడు. కింద చెరువు, పైన ఆకాశం, నడుమ జీపు పడవలా ఊగుతూ ఆగింది.

వీరమ్మ కిందికి దూకింది.

"ఇదుగో, నేనింకెక్కను. నడిచొస్తాను."

"బరువు అంతే కదే. ఇసకేసి తోల్లేదా?"

"ఇసక వేసిన చోటే పడుంటాది. నీళ్ళు పడుంటాయా? నీళ్ళలో పుట్టి నీళ్ళలో పెరిగేవు, ఆ మాత్రం తెల్దా నీకు?"

సింహాద్రి ఇంజను ఆపి దిగాడు. పై వరసల్లోని అరవై సంచులు ఇద్దరూ చేతుల మీద మోసుకుంటూ గట్టు వెంట చెరువులకి చేర్చారు. ఎనిమిదిసార్లు తిరిగేసరికి ఎండ నెత్తికెక్కింది. పాతిక సంచుల పిల్ల తెల్లబడింది. రావుగారు గొడుగు కింద నిలబడి అంతా చూశారు. జీపు చిక్కుకోలేదు కాబట్టి ఈసారికి ట్రాక్టరు పెట్టుకోవడం లేదని, ఇరవయ్యొకటో తారీకున చివరి లారీ వస్తుందని, ఆ రోజు ఒక్క సంచి పోయినా అబ్బులికి కబురు పెడతానని చెప్పారు. సింహాద్రి తల వంచి, "ఆయ్, అండి," అన్నాడు. పదిహేడేళ్ళలో ఆయన ముందు తల వంచడం అదే మొదలు.

ఇంటికొచ్చాక కూడా కాళ్ళు నిలవలేదు. ఒక సంచిలో నీళ్ళు పోసి వసారాలో పెట్టి, కాలితో అటూ ఇటూ తోసి చూశాడు. మళ్ళీ తోశాడు. చీకటి పడేదాకా అదే పని. వీరమ్మ దీపం పెట్టి, ఇక ఆపమంది.

మర్నాడు అమలాపురం షెడ్డులో హరిబాబు ఏదో అడగబోతుంటే సింహాద్రే ముందు అన్నాడు.

"నీళ్ళు, అబ్బాయ్. అరటన్నూ నీళ్ళే. నేను చెప్పలేదు నీకు."

హరిబాబు స్పానరు కింద పెట్టాడు. "నేనూ అడగలేదండి," అన్నాడు.

ఇద్దరూ బల్లకి ఒకే పక్కన కూర్చుని కాయితం మీద గీతలు గీశారు. నాలుగంగుళాలది విప్పెయ్యాలి. రెండంగుళాలది చాలు, కాని బజారులో దొరికేవి ఖాళీ బండి షికార్లకి చేసినవి. ఎప్పుడూ అరటన్ను, అదీ కదిలే బరువు మోసే బండికి పట్టీలు గట్టిగా ఉండాలి, ఊగుడుని పట్టి ఆపే షాకబ్జర్లు ఉండాలి. కోయంబత్తూరులో ఒక పట్టీల కార్ఖానా ఉంది, పాత పట్టీ నమూనా ఇచ్చి బరువు చెబితే దానికి తగ్గట్టు చేసి ఇస్తారు. పార్సిలు పంపితే రెండు వారాలు. మనిషే వెళ్ళి అక్కడే కూర్చుంటే నాలుగు రోజులు. సంచులు కూడా ఇక రెండు వరసలకి మించి పేర్చకూడదని, రెండు విడతలుగా తోలాలని హరిబాబు చెబితే, అలాగే అన్నాడు సింహాద్రి. అదే మాట వారం కిందట ఎవరైనా చెప్పి ఉంటే తన జీపు చరిత్ర మొదటి నుంచీ వినిపించేవాడు.

జీపు చక్రాల్లేకుండా షెడ్డులో దిమ్మల మీద ఉంది. సింహాద్రి దాని వెనక పట్టీల కట్ట ఒకటి గోనెసంచిలో చుట్టి, బరువు రాసిన కాయితం చొక్కా జేబులో పెట్టుకుని పదమూడో తారీకు శుక్రవారం బయల్దేరాడు. అమలాపురం నుంచి రాజమండ్రికి బస్సు, అక్కణ్ణించి రైలు. పుట్టి బుద్ధెరిగాక రాష్ట్రం దాటడం ఇదే మొదలు. ఏ స్టేషనులో నిద్ర పట్టేస్తుందోనని కట్ట కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడట, వీరమ్మకి ఫోనులో చెప్పాడు. కార్ఖానాలో పని సోమవారం మొదలుపెట్టారు. వేడి చేసిన పట్టీ వంగుతుంటే పక్కన నిలబడి చూస్తున్నాడని, బయటికి పొమ్మన్నా పోవడం లేదని హరిబాబుకి అక్కణ్ణించి కబురొచ్చింది. బుధవారం పట్టీలు చేతికిస్తామన్నారు, ఆ సాయంత్రమే రైలు. ఇరవయ్యో తారీకు బిగింపు, ఇరవయ్యొకటిన లారీ. సింహాద్రి రాజమండ్రిలో దిగేది ఫిబ్రవరి పంతొమ్మిది, గురువారం.