మోటారు షెడ్డులో దేవుళ్ళు

మా మామయ్యకు దేవుడంటే పడదు. దేవుడంటే పడనివాళ్ళను నేను చాలామందిని చూశాను, వాళ్ళతో నాకు ఏ పేచీ లేదు. మామయ్యతోనే ఉంది. కాలేజీలో లాజిక్ పాఠాలు చెప్పి రిటైరై, అద్దంకి దగ్గర సొంతూరు చేరి, మిరప చేలు కౌలుకిచ్చుకుని కూర్చున్న మనిషి. వచ్చీ రాగానే బౌద్ధం పుచ్చుకున్నాడు. ‘పుచ్చుకున్నాడు’ అంటే ఊరుకోడు. పుచ్చుకోవడానికి అదేమన్నా మతమా? దర్శనం. దేవుడు లేడు, ఆత్మ లేదు, మొక్కు లేదు, ప్రసాదం లేదు. ఈ నాలుగు ముక్కలూ ఆయన నోట నేను పెళ్ళిపందిట్లో విన్నాను, ఆస్పత్రి వరండాలో విన్నాను, చివరికి మా అమ్మ పెద్దకర్మ రోజు విస్తరి ముందు కూర్చుని కూడా విన్నాను. గారెలు మాత్రం రెండోసారి వేయించుకున్నాడు.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. పిల్లలకు బౌద్ధాన్ని మతం అని చెబుతున్నందుకు నాకు అక్షింతలు పడని సెలవుల్లేవు. సృష్టికర్తను ఒప్పుకుంటేనే మతం, లేకపోతే దర్శనం అని ఆయన లెక్క. జైనులు కూడా సృష్టికర్తను ఒప్పుకోరుగా, మరి వాళ్ళ గుళ్ళూ అభిషేకాలూ ఏమిటని ఒకసారి అడిగాను. అది జనం తప్పు, సిద్ధాంతం తప్పు కాదన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాలుగో కాలు కనిపిస్తే అది జనం తగిలించిందే.

ఈ దర్శనానికి మొదట బలైంది అత్తయ్య దేవుడి గూడు. వంటింటి పక్క గోడలో ఉండేది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆవిడ దీపం పెట్టుకున్న చోటు. పటాలు తీయించి అందులో పుస్తకాలు సర్దించాడు. అత్తయ్య ఆ పటాలు గోనెసంచిలో చుట్టి పెరట్లో మోటారు షెడ్డులోకి తీసుకెళ్ళి, స్టార్టరు పెట్టె పక్కన మేకులు కొట్టుకుని తగిలించుకుంది. రోజూ పొద్దున్నే స్నానం చేసి, బోరు దగ్గరి బురదలో చీర ఎత్తిపట్టుకుని వెళ్ళి, గ్రీజు వాసనలో దీపం పెట్టి వచ్చేది.

"నాకు వాదించడం రాదమ్మాయ్. నా దీపం నా ఇంట్లో పెట్టుకోవాలని ఉంది, అంతే," అంది నాతో ఒకసారి. ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

హాల్లోకి మాత్రం పాలరాతి బుద్ధుడు వచ్చాడు. ఆయన ముందు కాళ్ళు చాపకూడదు. హాల్లోకి చెప్పులతో రాకూడదు. పొద్దున్నా సాయంత్రం అగరొత్తులు వెలగాలి, అదీ సువాసన కోసమే. పౌర్ణమినాడు తెల్ల బట్టలు, ఒంటిపూట భోజనం. ఇది పూజ కాదా మామయ్యా అంటే, గౌరవం అన్నాడు. అత్తయ్య చేస్తే పూజ, ఆయన చేస్తే గౌరవం. తేడా అంతా మీసాల్లో ఉందన్నమాట.

ఊరికి పడమట కాలనీలో ముప్ఫై గడప దాకా బౌద్ధులున్నారు. ఊరి గుడిమెట్లు ఎక్కనివ్వకపోతే, మీ మెట్లు మీరే ఉంచుకోండని వాళ్ళ తాతలు తీసుకున్న దారి అది. వాళ్ళకు అది మతమో దర్శనమో తేల్చుకోవాల్సిన అవసరం రాలేదు, తలెత్తుకు తిరగడానికి పనికొచ్చింది. మామయ్య ఒక్కనాడూ ఆ వీధి తొక్కలేదు. వాళ్ళది భావోద్వేగం, మనది తర్కం అనేవాడు. ఆ తర్కం కాలనీ దాకా నడవలేకపోయిందంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు.

కిందటేడు కార్తీకంలో ఊరంతా వనభోజనాలకు వెళితే, మామయ్య తనలాంటి నలుగురు రిటైర్డు మేధావులను పిలిచి సభ పెట్టాడు. బుద్ధుడి ముఖంతో ఇంత పొడుగు ఫ్లెక్సీ వేయించాడు. కింద ‘దేవుడు లేని దారి’ అని అక్షరాలు. సభ అయ్యాక దాన్ని చుట్టి వరండాలో పడేశారు. కౌలు రైతు అడిగితే మామయ్యే తీసుకుపొమ్మన్నాడు, కల్లంలో కాయల మీద కప్పుకుంటాడేమో అనుకుని.

అతను కప్పుకోలేదు. మా వైపు కాయ ఎరుపెక్కితే చాలు, రోడ్డు వారన దిష్టికి ఏదో ఒకటి కడతారు. కొందరు సినిమా హీరోయిన్ ఫ్లెక్సీలే కడతారు, దారినపోయే వాడి చూపు కాపు మీద పడకుండా ఆవిడ మీద పడుతుందని. ఇతను బుద్ధుణ్ణి కట్టాడు. రెండు కర్రల మధ్య బిగించి, పైన నిమ్మకాయలూ ఎండుమిరపకాయలూ గుచ్చిన దండ వేలాడదీశాడు. కింది అక్షరాలు చేలో దిగబడి కనపడటం లేదు.

అది చూసి మామయ్య ఊగిపోయాడు. ఫిర్యాదు ఇవ్వాల్సిందేనన్నాడు. కారు నాది కాబట్టి స్టేషనుకు నేనే తీసుకెళ్ళాను. బీపీ మాత్రలు కొనుక్కోవాలని అత్తయ్య కూడా వచ్చి, స్టేషన్లో మా వెనక బల్ల మీద కూర్చుంది.

ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు. అంతా విని, ఇందులో నేరమేముందండీ అన్నాడు. మనోభావాలు దెబ్బతిన్నాయన్నాడు మామయ్య.

"ఏం మనోభావాలు సార్? మతపరమైనవైతే చెప్పండి, చూద్దాం. ఫిలాసఫీ అంటే నేను చేసేదేం లేదండి."

మామయ్య నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. ఇన్నేళ్ళ ఉపన్యాసాలనూ పక్కకు నెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మతమే," అన్నాడు. "మా ఇంటి మతం."

ఎస్సై కేసు కట్టలేదు. రైతుకు ఫోన్ చేసి, ఫ్లెక్సీ తీసేయమని చెప్పాడు. మేము తిరిగొచ్చేటప్పుడు అతను దాన్ని విప్పుతున్నాడు. మడిచి కళ్ళకద్దుకుని మామయ్య చేతుల్లో పెట్టాడు. సగం మూసిన ఆ కళ్ళు చూస్తే ఎవరి దిష్టీ తగలదనిపించిందండీ, తప్పయితే మన్నించండి అన్నాడు. మామయ్య కారు అద్దం ఎత్తేశాడు. దారంతా మూఢత్వం గురించి నాకు చెబుతూనే ఉన్నాడు. ఇంతకన్నా సిగ్గులేని తర్కం నేను వినలేదు.

అత్తయ్య మాత్రం ఇంటికి రాగానే మాత్రల సంచి బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్ళింది. మోటారు షెడ్డులోంచి పటాలు ఒక్కొక్కటే తెచ్చి, కొంగుతో గ్రీజు తుడిచి, హాల్లో పాలరాతి బుద్ధుడి పక్కనే వరసగా నిలబెట్టింది. నేను సాయం వెళితే వద్దంది.

మామయ్య గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు. ఇదేమిటన్నాడు.

"మన ఇంటికి మతముందని మీరే చెప్పారుగా," అంది అత్తయ్య. "ఉంటే అది మీ ఒక్కరిదీ కాదు."

ఆయన రెండో చెప్పు కూడా విప్పి లోపలికొచ్చాడు. అగరొత్తుల వేళ దాటిపోతోందని గుర్తొచ్చినట్టుంది, కాసేపు జేబులు తడుముకుని, అగ్గిపెట్టె ఇటివ్వమని చెయ్యి చాపాడు.

అత్తయ్య ముందు తన దీపం వెలిగించుకుని, ఆ తర్వాత ఇచ్చింది.