తోడికోడలు మెట్లెక్కింది

పెద్ద కోడలు దర్జీ. సన్నగా, నాజూగ్గా ఉంటుందని నలుగురూ అంటుంటే లోలోపల మురిసిపోయేది. ఒళ్లు చేస్తానేమోనని సగం తిండికే చేయి కడిగేసుకునేది. మిషన్ ముందు కూర్చుందంటే సాయంత్రం దాకా లేచేది కాదు. పై వాటాలో ఉండే తోడికోడలు అన్నిట్లోనూ ఆమెకు ఎదురు. లాండ్రీలో తడి దుప్పట్ల మూటలు మోసేది, కడుపునిండా తినేది, నవ్విందంటే వీధి చివరికి వినిపించేది.

"మా చిన్నది మనిషి కాదు, బీరువా" అని పెద్దామె వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేది.

అరవై దగ్గర పడుతుండగా పెద్దామెకు గుండెపోటు వచ్చింది. చిన్న పోటే, భయం లేదన్నారు డాక్టర్లు. ఇంటికొచ్చి నెలలు గడిచినా మంచం దిగి వంటింటి దాకా వెళ్లేసరికి ఆయాసం. ఇంతలో చిన్నామె లాండ్రీలోనే కుప్పకూలింది. పక్షవాతం. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దయింది. కబురు వినగానే పెద్దామె ఏడ్చింది. ఏడుస్తూనే, ఇక ఇద్దరం ఒకటే కదా అనుకుంది. ఆ ఆలోచనకు తనకే సిగ్గేసింది గానీ, అది మనసులోంచి పోలేదు.

అయితే ఇద్దరూ ఒకటి కాలేదు. ఎండలు ముదిరేనాటికి చిన్నామె గోడ పట్టుకుని మెట్లు దిగింది, ఎక్కింది. పెద్దామె కిటికీలోంచి చూస్తూ పళ్లు కొరుక్కుంది. దానికొచ్చింది పెద్ద జబ్బు, నాకొచ్చింది చిన్నది. లేచి తిరగాల్సింది ఎవరు? వాచీలు బాగుచేసే భర్త పక్కనే ఉండి, "చూశావా, మీ చెల్లెలు ఎంత గట్టిదో!" అన్నాడు. ఆమె కిటికీ తలుపు ధడాల్న మూసేసింది.

తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఆమెను చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. లేవలేకపోయింది.

"మీ గుండె చాలావరకు కోలుకుందమ్మా. ఒంట్లోనే కండ లేదు. ఇంత బలహీనంగా ఉంటే చిన్న జబ్బు కూడా పెద్దదై కూర్చుంటుంది."

"మరి మా తోడికోడలు? దానికి పక్షవాతం గదా!"

"జబ్బు వచ్చేనాటికే ఆమె ఒంట్లో బలం దాచుకుని ఉంది. మీరూ కూడబెట్టుకోవచ్చు. బాగా తినండి, కొద్దికొద్దిగా నడవండి."

ఇన్నాళ్లూ బీరువా అని తను నవ్వింది ఆ బలాన్ని చూసే! ఇంటికొచ్చేదాకా ఆ మాటే నమిలింది. మర్నాడు చిన్నామె ఎడమ చేత్తో పళ్ల సంచి పట్టుకుని గుమ్మంలోకొచ్చింది.

"నడిచి చూపించడానికొచ్చావా?" అంది పెద్దామె.

చిన్నామె మాట కోసం కాసేపు వెతుక్కుంది. "లే... లేదక్కా. నీ చేతులు... చూడటానికి. సూదిలో దారం ఎక్కిస్తావు. నాకు... జడ కూడా రాదు. నిన్ను చూస్తే కుళ్లు నాకు."

పెద్దామె తెల్లబోయింది. ఆ తర్వాత, చెప్పుకోకూడదు గానీ, చాలా హాయిగా అనిపించింది. "ఇలా కూర్చో" అని దువ్వెన తీసి జడ వేసింది. పని అయ్యాక చిన్నామె తన భుజం చూపించి, "ఇప్పుడు నువ్వు లే" అంది. ఆ భుజం మీద చేయి వేసి లేచింది పెద్దామె. కాళ్లు వణికాయి. మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. మర్నాటి నుంచి చిన్నామె కంటే ఒక ముద్ద ఎక్కువ తినడం, ఒక ఇంటి దూరం ఎక్కువ నడవడం ఆమెకు పంతమైపోయింది. భర్త నవ్వాపుకుంటూ వెనక నడిచేవాడు.

వానల్లో పెద్దామెకు నిమోనియా వచ్చింది. ఆసుపత్రిలో చేర్చి ఇంట్లో అందరూ హడలిపోయారు. వారం తిరక్కుండానే తన కాళ్ల మీద తను నడిచి ఇంటికొచ్చింది. మునుపటి ఒంట్లో అయితే తట్టుకునేది కాదని డాక్టరమ్మ అంది.

చూడవచ్చిన పక్కింటావిడ, "అంతా మీ చెల్లెలి పుణ్యమే!" అంది.

"లేచింది నా కాళ్ల మీద నేను" అంది పెద్దామె చురుగ్గా. చిన్నామె పకపకా నవ్వింది. ఆ నవ్వుకి పెద్దామెకు ఇంకాస్త మండింది.