టైమెంతైంది సారూ?

2016 జనవరి తొమ్మిదో తేదీ, రెండో శనివారం. పొగమంచు విడిపోయి పలుచని ఎండ కాస్తున్నది. సికింద్రాబాదు గడియారస్తంభం నాలుగు ముఖాలతో నాలుగు దిక్కులకూ సమయం చెబుతున్నది. దాని నీడలో నిలబడి, చేతికి గడియారం పెట్టుకొని, విశ్రాంతమ్మ నన్నడిగింది: “టైమెంతైంది సారూ?”

ఆమె జబ్బే అది. దుమ్ముగూడెంలో మా బడి హాస్టలుకు వంటమనిషి. కనిపించినవారినల్లా సమయం అడిగేది. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో పాస్టరుగారిని అడిగింది. ఆయన ఉలిక్కిపడి రెండు మాటల్లో ముగించారు. సంఘమంతా ఆమెను మనసులో దీవించింది. సంతలో చింతపండు అమ్ముకొనే ముసలి సీతయ్య జన్మలో గడియారం కట్టినవాడు కాడు. అతణ్ణీ అడిగేది. అతడు లేచి, తన నీడను అడుగులతో కొలిచి, తీర్పు చెప్పినంత గంభీరంగా చెప్పేవాడు.

గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు. గంటలు చూపే యంత్రానికి గడియారమన్న పేరెలా నిలిచిందో నేను వివరించగలను గాని, వినేవారెవరు? విహారయాత్రకు వచ్చిన మా బడి పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. నేను వాళ్ళకు దూరంగా, స్తంభం నీడలోనే ఒక్కడినే కూర్చున్నాను. నా భార్య పుష్పలత పోయి అప్పటికి నాలుగు నెలలు. పాఠానికి తప్ప నోరు విప్పడం మానేశాను.

“పైకి చూడమ్మా,” అన్నాను.

“మెడ నొస్తది సారూ.”

“చేతిది చూసుకో.”

“దాని మాట నేను నమ్మ.”

“పదీ నలభై.”

“పదీ నలభయ్యా. మరి పొద్దుగాల ఏం తిన్నరు?”

“ఏమీ తినలేదు.”

“గట్లనా,” అంటూ సంచిలోంచి పులిహోర పొట్లం తీసి నా ఒళ్లో పెట్టింది.

పావుగంటలో మూడుసార్లు వచ్చింది. విసిగి, “ఇంతమందిలో నేనే దొరికానా?” అన్నాను.

“వాళ్ళు పదకొండైతాంది అంటరు. మీరైతే పదీ యాభై నాలుగని పక్కాగ చెప్తరు.”

నాకు గర్వం కలిగిన మాట దాచను. తిరుగు ప్రయాణంలో పదకొండుసార్లు సమయం చెప్పాను. పన్నెండోసారి, గోదావరి వంతెన మీద, ఆమె నిద్రపోతుంటే లేపి మరీ చెప్పాను.

ఉద్యోగ విరమణ తరువాత ఖమ్మం వచ్చి, ఖానాపురం హవేలిలో కిరాయి గదిలో ఒంటరిగా ఉంటున్నాను. మొన్న ఆమె ఉత్తరం అందింది:

“సారుకు దండాలు. మీరు ఫోనెత్తుతలేరని మా మనుమరాలు స్తుతి చెప్పింది, అందుకే రాస్తున్న. నా గడియారం ఎన్నడూ తప్పు పోలేదు. అమ్మగారు పోయినంక, బాగున్నరా అంటే మీరు తలూపి పోయేటోళ్ళు. టైము మాత్రం తలూపి చెప్పరాదు సారూ, నోరు తెరవాల్సిందే. సీతయ్య గూడ గంతే, ఇంట్ల మాట్లాడే దిక్కులేక సంతకొచ్చేటోడు. ఇప్పుడు ఖమ్మంల మిమ్మల్ని ఎవరడుగుతుండ్రో ఏమో. ఈ ఉత్తరం అందినప్పుడు టైమెంతైందో జల్దీ రాయుండ్రి. నిమిషాలు గూడ పెట్టుండ్రి.”