వాడు నావైపు జరిపిన చాయ్ గ్లాసు

మొన్న బెంగళూరులో మా అమ్మాయి దగ్గర నాలుగు రోజులుండి వచ్చి విమానం దిగితే, నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి కారు తెచ్చిన మా తమ్ముడు శంషాబాద్ దాటకముందే ఒక చాయ్ హోటల్ దగ్గర ఆపాడు. రెండు గుక్కలు తాగాడో లేదో, ఫోను చూసుకుంటూనే తన గ్లాసును బల్లమీద నావైపు జరిపాడు. ఇంకొకరైతే పట్టించుకునేవారు కాదు. నేను మాత్రం నా గ్లాసు కింద పెట్టేశాను.

ఎందుకో చెప్పాలంటే మా కాలేజీ రోజుల దగ్గరికి వెళ్ళాలి. ఈ విమానాశ్రయం ఉన్నచోట అప్పుడు జొన్నచేలుండేవి. నా స్నేహితుడు శంషాబాద్ పక్కనున్న పల్లె నుంచి బస్సులో వచ్చి ఆరాంఘర్‌లో దిగితే, నేను మైలార్‌దేవ్‌పల్లి నుంచి నడుచుకుంటూ వచ్చి కలిసేవాణ్ణి. పట్నం బస్సు వచ్చేలోగా అక్కడి చాయ్ హోటల్లో కూర్చునేవాళ్ళం. మాతో ఇంకో ఇద్దరుండేవారు. పొద్దున్నే వాళ్ళ ఇంటి గొడవలూ, తప్పిన పరీక్షలూ వినీవినీ విసుగెత్తి, ఒకరోజు నేనే ఒక నియమం పెట్టాను. చాయ్ దగ్గర ఎవరైనా కష్టం చెప్పుకోవాలంటే ముందు తన గ్లాసు పక్కవాడి ముందుకు జరపాలి, ఆ తర్వాతే ఏడవాలి, అది తాగినవాడు వినాలి. చాయ్ పోగొట్టుకోవడం ఇష్టంలేక చాలా ఏడుపులు గొంతులోనే ఆగిపోయేవి. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి.

నియమం పెట్టిన నేనే అందరికంటే ఎక్కువసార్లు చాయ్ పోగొట్టుకున్నాను. నా చాయ్ ఆ శంషాబాద్ స్నేహితుడే చప్పరిస్తూ తాగి, నేను చెప్పిందంతా ఓపిగ్గా వినేవాడు. మూడేళ్ళలో వాడు మాత్రం ఒక్కసారి కూడా గ్లాసు జరపలేదు. వాళ్ళ బాపు చనిపోయిన నెలలో కూడా తన చాయ్ తాను తాగి, మమ్మల్ని నవ్వించి బస్సెక్కాడు. వాడికి కష్టం అంటదని అప్పుడే తేల్చేసుకున్నాను. నలభై ఏళ్ళు ఆ అభిప్రాయం మార్చుకోలేదు, మార్చుకోవాల్సిన అవసరం నాకేం వచ్చింది గనుక!

ఆ తర్వాత వాడు శంషాబాద్‌లో బడిపంతులయ్యాడు, నేను పట్నంలో గుమాస్తానయ్యాను. ఇద్దరం పదవీ విరమణ చేశాక వాడి కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు దవాఖానకు పోయి గంటల తరబడి సూదులతో పడుకోవాలి, దాహమైతే నీళ్ళు కూడా కొలిచి తాగాలి. ఫోన్ చేస్తే మాత్రం, “నా నెత్తురు వారానికి మూడుసార్లు ఉతుకుతున్నరు రా, నీది ఒక్కసారన్న ఉతికించినవా?” అని నవ్వేవాడు. నేనూ నవ్వి ఫోన్ పెట్టేసి, మా బంధువుల్లో ఎవరికి కాస్త జ్వరం వచ్చినా వాడి ధైర్యం గురించి పాఠం చెప్పేవాణ్ణి. చూడ్డానికి వెళ్ళింది మాత్రం తక్కువ. అంత గట్టివాణ్ణి చూడ్డానికి తొందరేముంది అనుకున్నాను. వాడి నవ్వు నాకు అంత సౌకర్యంగా ఉండేది.

చివరిసారి వెళ్ళింది కూడా దారిలో ఉందని. బెంగళూరులో మా అమ్మాయి గృహప్రవేశం, విమానానికి ఇంకా సమయముంది, వాడి ఇల్లు పక్కనే. వాళ్ళావిడ నాకు నిండు గ్లాసు, వాడికి సగం గ్లాసు చాయ్ తెచ్చి పెట్టి లోపలికి వెళ్ళింది. రోజు మొత్తానికి వాడికి దక్కే చాయ్ అంతే, చుక్క వదలడని ఆమే చెప్పింది. నేను కొత్త ఇంటి వాకిలి ఏ వైపో, సామాను ఎంత పట్టిందో చెప్పుకుపోతున్నాను. వాడు ముట్టని గ్లాసును రెండు వేళ్ళతో మెల్లగా నావైపు జరిపాడు. డాక్టరు ఇదీ మానేయమన్నాడా అని నవ్వి, మాట ఆపకుండానే తాగేశాను. వాడు ఖాళీ గ్లాసు చూసి, “తాగినవా? మంచిది. ఇగ పో, లేటయితది” అన్నాడు.

ఇరవై రోజులకు పోయాడు. గృహప్రవేశం తర్వాత ఇంకా అక్కడే ఉండిపోయిన నేను దినాలకు వచ్చాను. భోజనాల దగ్గర నలుగురినీ కూర్చోబెట్టుకొని, చివరిదాకా నవ్వుతూనే ఉన్నాడని గొప్పగా చెప్పాను. చేతులు కడుక్కుంటుంటే వాళ్ళావిడ పక్కకు పిలిచింది.

“నాలుగు నెలల సంది భయమైతుందని ఒక్కటే ఏడుపు అన్నా. నాకు గూడ మొత్తం చెప్పకపోయేది. ‘వాడొస్తే చెప్త, వాడు ఇంటడు’ అని మీ గురించే అనేటోడు. గా రోజు మీరొచ్చినప్పుడు చెప్పిండా?”

అప్పుడు గుర్తొచ్చింది, నేను ఖాళీ చేసిన ఆ గ్లాసు. జీవితంలో ఒకే ఒక్కసారి వాడు నా నియమం ప్రకారం నన్ను అడిగాడు. నేను చాయ్ తాగాను, చెప్పేది వినలేదు. ఆమెతో మాత్రం, “చెప్పిండు చెల్లె” అన్నాను. ఆ అబద్ధానికి ఆమె ముఖంలో వచ్చిన నెమ్మది చూసి ఇంకా సిగ్గుపడ్డాను.

ఆరాంఘర్‌లో ఆ హోటల్ ఇప్పుడు లేదు, పైనుంచి వంతెన పోయింది. మా పాత విద్యార్థుల వాట్సాప్ గుంపులో ఇప్పటికీ ఎవరో ఒకరు వాడి ఫొటో పెట్టి, ధైర్యానికి మారుపేరు అని రాస్తుంటారు, కింద అందరూ దండాలు పెడుతుంటారు. చూస్తే ఒళ్ళు మండుతుంది. వాడు ధైర్యంగా ఉండక ఏం చేస్తాడు, ఏడిస్తే వినేవాళ్ళం కామని ఇరవై ఏళ్ళకే నేర్పించాం కదా.

మొన్న తమ్ముడి గ్లాసు ముట్టకుండా, వాడి చేతిలో ఫోను పక్కన పెట్టించి, ఏమైందిరా అని అడిగాను. నా గొంతు విని కంగారుపడ్డాడు.

“ఏంది అన్నా? చాయ్‌ల చక్కెర ఎక్కువైంది, గంతే.”

ఇంకేం లేదు కదా అని మళ్ళీ అడిగాను. ఏం లేదన్నాడు. ఇప్పుడు ఎవరు గ్లాసు జరిపినా ఇలాగే అడుగుతున్నాను, ఎవరికీ ఏమీ ఉండటం లేదు. చెప్పుకోవాలని ఉన్నవాడు ఒక్కడే జరిపాడు, అది నేను తాగేసి విమానం ఎక్కాను.