ముడి వేయని కొస

నిన్నటిదాకా నాలుగు రోజులు కత్తెర నా ఒళ్లోనే ఉంది, పక్కన అల్లిక పూర్తయిన శాలువా ఉంది, కోయవలసింది ఒకే ఒక్క ఊలు దారం, అయినా చెయ్యి కదల్లేదు. హోట్గి రోడ్డు వైపు కాలనీలో ఉంటున్న మా చెల్లెలికి ఈమధ్య ఆపరేషన్ అయింది. ప్రమాదమేమీ లేదని డాక్టర్లు చెప్పారు కానీ, మనిషికి చలి పట్టుకుంది. ఫ్యాను వేస్తే చాలు ముడుచుకుపోతోంది. వాళ్లింట్లో చద్దర్లకేం కరువు, అవన్నీ రాళ్లు పెట్టినట్టు బరువుగా ఉన్నాయట, ఒంటి మీద ఉన్నట్టే తెలియనిది ఏదైనా అల్లి పెట్టమని ఫోన్లో చిన్నపిల్లలా అడిగింది. దానికి నేను కాదనలేక, యాభై ఏళ్లకు పైగా మానేసిన క్రోషా సూది మళ్లీ పట్టాను. వేళ్లు ఏదీ మరచిపోలేదు. అంతా సాఫీగా సాగి, చివరి ఉచ్చు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

నా మనవరాలు చూసి చూసి నిన్న ఉండబట్టలేక, "ఏంది అమ్మమ్మా, ఆఖరి గాఠ్ ఒక్కటి ఏస్తే అయిపాయె గదా, నాలుగు దినాల సంది గట్లనే కూసున్నవ్" అంది. గాఠ్ అంటే ఇక్కడి మరాఠీలో ముడి. ఫోన్లో ఎవరో అల్లుతుంటే చూసిందట, ఇటివ్వు నేను వేస్తానని చెయ్యి చాపింది. నేను గయ్యిమని లేచాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. ఉత్తపుణ్యానికి దాని మీద అరిచినందుకు నన్ను నేను తిట్టుకున్నాను గానీ, కారణం మాత్రం వెంటనే చెప్పలేకపోయాను. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

అప్పట్లో మేము జోడ్‌భావి పేట్‌లో ఉండేవాళ్లం. ముందు గదిలో మగ్గాలు, వెనక గదిలో మేమందరం. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి ఈ మరాఠీ ఊరికి వచ్చిన కుటుంబం మాది. ఆ మగ్గాల చప్పుడుకు పెద్ద గొంతుతో మాట్లాడడం అలవాటై, ఈనాటికీ నేను ఫోన్ ఎత్తితే పక్కింటివాళ్లకు కూడా విషయం తెలిసిపోతుందని మావాళ్లు నవ్వుతారు. నాయన చద్దర్లు నేసేవాడు. అమ్మ తెల్లారింది మొదలు కండెలకు నూలు చుట్టేది. అందుచేత నాకు తల దువ్వడం, అన్నం పెట్టడం, అల్లరి చేస్తే రెండు తగిలించడం, అన్నీ మా చిన్నమ్మ చేతుల మీదుగానే జరిగేవి.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే మా ఇంటికి వచ్చి ఉండిపోయింది. గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఎంత వేగమంటే, ఎదుటివాళ్లతో కళ్లలోకి చూస్తూ మాట్లాడుతూనే ఉండేది, కింద వేళ్లు ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మూసి పక్కన పడేసేవి. పని లేనప్పుడు కూడా ఆ వేళ్లు ఊరుకోవు, కొంగు అంచునైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుడుతూనే ఉండేవి. కొంగు కొసన ముడివేసి, బీడీలకు కట్టే ఎర్రదారం ఎప్పుడూ కొంచెం ఉంచుకునేది. నా జడకు రిబ్బను పోయినా, లంగా చిరిగినా అదే దారం. కట్టి, రెండు చుట్లు తిప్పి, పంటితో పుటుక్కున కొరికేది. నోరు మాత్రం మహా గడుసు. వీధిలో మగవాళ్లు కూడా ఆమెతో మాటకు దిగడానికి వెనకాడేవాళ్లు.

నేత ఇళ్లలో కప్పుకునేవి ఎలాంటివో మీకు తెలియనిది కాదు. బాగున్నవన్నీ బజారుకు పోతాయి, నేతలో తప్పు పడ్డవి ఇంట్లో మిగులుతాయి. చిన్నమ్మ వాటాకు వచ్చిన చద్దర్ మీద నెమలి ఉండేది గానీ, మధ్యలో పోగులు తెగి దాని తల ఎగిరిపోయింది. "నా మీద పండే నెమలికి సుత తలకాయ లేదు, సూడుండ్రి నా నసీబు" అని ఆమె అంటే అందరం పడీ పడీ నవ్వేవాళ్లం. ఒక చలికాలం ఆమెకు దగ్గు మొదలైంది. ఒకరోజు పొద్దున నాకు జడ వేస్తూ, దగ్గు ఆగాక, ఏదో మామూలు మాట చెప్పినట్టే చెప్పింది: "ఊరందరికి కప్పే ఇల్లు మనది. నా పేరు జెప్పి ఒక్క గుడ్డ నేసినోళ్లు లేరు బిడ్డా."

అందులో ఫిర్యాదు లేదు. ఉంటే నేను మరచిపోయేదాన్నేమో. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. ఆమె పేరు చెప్పి ఒక్కటైనా తయారు కావాలి, అది నేనే చెయ్యాలి అని ఆ పూటే మనసులో గట్టిగా అనుకున్నాను.

మా బడిలో మరాఠీ టీచరమ్మ ఒకామె, బాయి అని పిలిచేవాళ్లం, శనివారాలు ఆడపిల్లలకు క్రోషా నేర్పేది. అమ్మను బతిమాలి వంకాయరంగు ఊలు కొనిపించుకున్నాను. చిన్నమ్మకు ఆ రంగంటే ప్రాణం, విధవకు ఎందుకులే అని ఎవరైనా అంటారని కట్టుకునేది కాదు. మగ్గాలవాళ్ల పిల్ల సూదితో బట్ట చేస్తుందట అని నాయన వెక్కిరించాడు. చిన్నమ్మకు తెలియకూడదని నేను బడిలోనూ, పక్కింటి మెట్ల మీదా కూర్చుని అల్లేదాన్ని. అడ్డంగా ఒక వరుస, దాని మీద మరో వరుస, అలా పొడవు పెంచుకుంటూ పోయాను. ఎక్కడ కూర్చున్నా ఆమె దగ్గు వినిపించేది.

ఇక్కడ మా ఇంటి పట్టింపు ఒకటి చెప్పాలి, తక్కినదంతా దానివల్లే జరిగింది. పడుగు, అంటే మగ్గానికి నిలువునా కట్టిన నూలు, అయిపోయి బట్టను మగ్గం మీద నుంచి కోసేటప్పుడు, పాత పోగులు జానెడు మగ్గానికే వదిలేస్తారు కదా. కొత్త పడుగు వచ్చాక ఒక్కో పోగునూ ఆ పాత కొసలకే కలిపి మెలిపెడతారు. ఆ వదిలేసిన కొసలకు ముడి వెయ్యడమంటే మా నాయనమ్మకు చచ్చేంత భయం. ఆటకైనా ముట్టుకోనిచ్చేది కాదు. ముడి వేస్తే ఇక నేత ఆపేశామని చెప్పినట్టేనట. తాత పోయాక ఆయన మగ్గం విప్పేసిన రోజున మాత్రం నాయనమ్మే కూర్చుని, ఆ కొసలన్నీ పిడికిలిలోకి తీసుకుని ముడి వేసింది. అప్పుడు ఆమె మొహం ఎలా ఉందో నేను చూశాను.

చిన్నమ్మకు క్షయ అని తేలింది. ఊరి బయటి పెద్ద దవాఖానలో చేర్చడానికి తీసుకువెళ్లే రోజు పొద్దునే నా శాలువా పూర్తయింది. చివరి కుట్టు అయ్యాక దారం కోసి, ఆ కొసను ఉచ్చులోంచి లాగి బిగించాలని బాయి చెప్పింది. నేను విన్నాను, వినలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ కత్తెర పట్టుకోగానే నాయనమ్మ పిడికిలి కళ్ల ముందుకు వచ్చింది. చిన్నమ్మ కప్పుకునేదానికి నా చేత్తో ముడి వేస్తే ఆమె పని అయిపోయిందని చెప్పినట్టు అవుతుందనిపించింది. జానెడు దారం వదిలి కోసేసి, ఉచ్చును ఉచ్చుగానే ఉంచేశాను. నేసిన బట్టకు కొస వదిలేస్తే అంచున నాలుగు పోగులు ఊడతాయి, అంతే కదా. క్రోషా అల్లిక మొత్తం ఒకే దారమనీ, ఆ చివరి ఉచ్చు పట్టు మీదే అంతా నిలబడి ఉంటుందనీ మగ్గం కింద పెరిగిన నా బుర్రకు తట్టలేదు.

టాంగా ఎక్కబోతూ చిన్నమ్మ ఆ శాలువాను రెండు చేతులతో తీసుకుంది. ఆమె మాటల కోసం వెతుక్కోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. భుజాల మీద కప్పుకుని, వేలాడుతున్న కొసను వేళ్లతో తడిమి, నా వైపు చూసి, "మల్ల అతుకుతవా దీనికి?" అని అడిగింది. తల ఊపాను. అంటే, నేను ముడి ఎందుకు వెయ్యలేదో ఆమెకు అర్థమైంది.

పిల్లలను వార్డులోకి రానిచ్చేవారు కాదు. ఆదివారం పొద్దున అమ్మ లోపలికి వెళితే, నేను చంటిదైన చెల్లెల్ని ఎత్తుకుని బయట కిటికీ దగ్గర నిలబడేదాన్ని. మొదటి ఆదివారం చిన్నమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, రెండు భుజాల మీదా శాలువా కప్పుకుని, పెళ్లికూతురిలా అటూ ఇటూ తిరిగి చూపించింది. తర్వాతి వారం ఒక భుజం మీదే వేసుకుంది. ఆ తర్వాత మెడకు చుట్టుకుంది. చలి తగ్గుతోంది కదా, ఉక్కపోస్తోందేమో అనుకున్నాను. ఆఖరి ఆదివారం కిటికీ ఊచల మధ్య నుంచి పిడికిలి మాత్రం చూపించింది. వేళ్ల సందున కాస్త వంకాయరంగు కనిపించింది. "ఏడికి పోలే, నా తాననే ఉన్నది" అని నవ్వింది. నేను కూడా నవ్వాను. ఎంత మొద్దును నేను!

ఆ వారమే ఆమె పోయింది. దవాఖాన ఆయా ఒక పాత పేపరు పొట్లం అమ్మకిచ్చింది. అందులో పెద్ద ఊలు ఉండ, దానితోపాటు జానెడు అల్లిక ముక్క ఉన్నాయి. ఆమె బట్టలన్నీ కాల్చేస్తూ దాన్ని కూడా మంటలో వెయ్యడానికి పక్కన పెట్టారు, నేను ఎవరూ చూడకుండా తీసి, ఆమె తంబాకు డబ్బాలో దాచేశాను. మర్నాడు బడిలో బాయిని అడిగితే, ఆమె ఒక్కటే ప్రశ్న వేసింది: "శేవట్చీ గాఠ్ మార్లీ నాహీస్ కా?" చివరి ముడి వెయ్యలేదా అని. తరువాత తన చేతిలోని అల్లికకు చివరి ఉచ్చు వదిలి, కొస పట్టి మెల్లగా లాగి చూపించింది. వరుసలు ఒక్కొక్కటే సర్రున ఊడిపోయాయి.

చుట్టకుండా ఉండలేని ఆ వేళ్లకు నేనే ఒక కొస అందించాను. అది ఊడుతోందని ఆమెకు ఏనాడో తెలిసి ఉంటుంది. అయినా ముడి వెయ్యలేదు. మళ్లీ అతుకుతానని నేను తల ఊపాను కదా, అందుకని. ఊడిన దారాన్ని ఊడినట్టు పొందికగా ఉండ చుట్టి పెట్టింది. చలికి వణుకుతూ, నాకు తెలియకుండా ఉండాలని ఒక్కో వారం ఒక్కో తీరుగా కప్పుకుని చూపించింది. ఈ మాట నేను నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు, నా పెనిమిటికి కూడా. పెళ్లయి ఈ నీలం నగర్‌కు వచ్చినప్పుడు ఆ డబ్బా నా పెట్టె అడుగున నాతోపాటే వచ్చింది, మూత తియ్యలేదు. ఎవరు అడిగినా క్రోషా రాదన్నాను. చలికాలం పొద్దున నిద్రలో ఎవరైనా దుప్పటి అంచు లాక్కుంటే, ఎక్కడో రెండు వేళ్లు దారం చుడుతున్నట్టే ఉంటుంది, లేచి కూర్చుంటాను.

మనవరాలి మీద అరిచాక, నిన్న మధ్యాహ్నం ఆ డబ్బా మూత తీశాను. తంబాకు వాసన గుప్పుమంది. ఆ ఘాటుకేనేమో, ఊలును ఒక్క పురుగూ ముట్టలేదు. ముక్కను బయటికి తీసి, కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే చివరి ఉచ్చు దగ్గర ఎర్రగా ఏదో కనిపించింది. బీడీ దారం. రెండు చుట్లు తిప్పి, బిగించి, పంటితో కొరికిన కొస.

ముడి వేసుకుంది. చిన్నమ్మ తన చేత్తో తానే ముడి వేసుకుంది.

ఆ జానెడైనా గొంతుకు మిగలాలని వేసుకుందా? లేక మా నాయనమ్మ తాత మగ్గానికి వేసినట్టు, ఇక అతకవలసింది లేదని వేసిందా? డబ్బా ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. దానికి అంతా చెప్పాను. అది విని, "మరి చిన్నమ్మమ్మది ఊడిపోవద్దు గద అమ్మమ్మా" అంది, మా చెల్లెలిని ఉద్దేశించి. చెల్లెలి శాలువా దగ్గరికి లాక్కుని, దారం కోసి, కొసను ఉచ్చులోంచి తీసి బిగించాను. ఈ సాయంత్రం వెళ్లి ఇచ్చి వస్తాను.

మా వీధిలో ఇప్పుడు మగ్గం చప్పుడు లేదు. కరెంటుతో నడిచే సాంచాలు కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి. తర్వాతి పడుగు కోసం జానెడు కొస వదిలేవాళ్లూ లేరు, దానికి ముడి పడుతుందేమోనని భయపడేవాళ్లూ లేరు. గొంతు పెంచకుండానే అన్నీ వినిపించేటంత నిశ్శబ్దంగా ఉంది ఊరు. ఆ నిశ్శబ్దంలో నాకు కిటికీ ఊచల మధ్య నుంచి చాపిన ఆ పిడికిలి మాత్రమే కనిపిస్తోంది. ఏడికి పోలే అని నవ్వుతూ చూపించినప్పుడు, ఆ వేళ్ల లోపల ముడి అప్పటికే పడి ఉందా, లేదా?